వీబీఏ తెలిసినవారు విండోస్ దాటితే: మాక్రో నైపుణ్యంలో ఏది వెంట వస్తుంది, ఏది రాదు

క్లుప్తంగా: ఎక్సెల్ మాక్రోను, అంటే ఎక్సెల్‌లోని వీబీఏ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాంను, విండోస్ నుంచి మ్యాక్‌కో, బ్రౌజర్‌కో, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌కో మార్చాల్సి వస్తే ముందుగా కలిగే కంగారు కొత్త భాష గురించే. నిజానికి భాష చిన్న పని. మాక్రో తన షీట్ దాటి ఫైళ్లను, మెయిల్‌ను, వేరే ప్రోగ్రాములను తాకే చోటే గట్టి ఇబ్బంది ఉంది. కోడ్ నడిచే కంప్యూటరే మారిపోతే అది ఇంకా పెరుగుతుంది. తేదీలు, సూచికలు (సెల్‌ను చూపే వరుస, కాలమ్ సంఖ్యలు), రౌండింగ్‌ల్లో వచ్చే తప్పులు ఎర్రర్ చూపించవు కాబట్టి వాటితో ప్రమాదం ఎక్కువ.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

ఎక్సెల్ 5తో పాటు 1993లో వీబీఏ వచ్చింది. అప్పటి నుంచి లెక్కల విభాగాల్లో, ల్యాబుల్లో, గోదాముల్లో ప్రోగ్రామర్లు కానివాళ్లు తమ అవసరం కోసం రాసుకున్న కోడ్ అంతా ఇంతా కాదు. అందులో చాలా భాగం ఒక నమ్మకం మీద నిలబడింది. ఫైలు తెరిచే కంప్యూటర్లో విండోస్ ఉంటుంది, పక్కనే ఔట్‌లుక్ ఉంటుంది, సీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ ఉంటుంది అన్నదే ఆ నమ్మకం. ఇప్పుడది మూడు వైపుల నుంచి సడలుతోంది.

మొదటిది, ఫైళ్లు క్లౌడ్‌లోకి వెళ్లడం. బ్రౌజర్లో నడిచే ఎక్సెల్ మాక్రోలున్న ఫైలును తెరుస్తుంది, మార్చనిస్తుంది, అందులోని మాక్రోలను చెరపకుండా ఉంచుతుంది. వాటిని నడపడం మాత్రం చేయదు. ఫోన్, ట్యాబ్లెట్ యాప్‌లదీ ఇదే పరిస్థితి. బృందంలో సగం మంది బ్రౌజర్లో పనిచేస్తుంటే బటన్ నొక్కే పని మిగతా సగం మీద పడుతుంది.

రెండోది భద్రత. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని వీబీఏ మాక్రోలను విండోస్ ఆఫీస్‌లో ముందే అడ్డుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022లో తెచ్చింది. మాక్రోల ద్వారా మాల్‌వేర్ వ్యాపించడమే దానికి కారణం. నిర్ణయం సబబైనదే. కానీ మెయిల్లో మాక్రో ఫైలు పంపి ‘ఎనేబుల్ నొక్కండి’ అని చెప్పే పాత పద్ధతికి దాంతో దారి మూసుకుపోయింది.

మూడోది తక్కువగా చర్చకు వచ్చేది: విండోస్ కూడా మారుతోంది. విండోస్‌లోని స్క్రిప్టింగ్ భాష వీబీస్క్రిప్ట్‌ను దశలవారీగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది. వీబీఏలో అక్షరాల నమూనాలు వెతకడానికి ఏళ్లుగా వాడుతున్న రెగ్‌ఎక్స్‌ప్ ఆబ్జెక్ట్ ఆ వీబీస్క్రిప్ట్ లైబ్రరీ నుంచి వచ్చిందే. విండోస్‌కు వచ్చిన కొత్త ఔట్‌లుక్‌కు పాత ఔట్‌లుక్‌లోని కామ్ (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను నడిపించే విండోస్ ఏర్పాటు) ఆబ్జెక్ట్ మోడల్ లేదు. అంటే ఎక్సెల్ మాక్రో నుంచి పాత తీరులో దాన్ని పిలిచి మెయిల్ పంపించడం కుదరదు. కాబట్టి విండోస్ వదలని వారికి కూడా ఈ విషయం కొంత వర్తిస్తుంది.

ఒకే మాక్రోలో మూడు పొరలు

నెలాఖరు నివేదిక తయారుచేసే సాదా మాక్రో ఒకటి తీసుకుందాం. అది ఒక ఫోల్డర్లోని ఎక్సెల్ ఫైళ్లను వరసగా తెరుస్తుంది. ఒక్కో ఫైల్లోంచి అమ్మకాల పట్టికను తెస్తుంది. సరుకు కోడ్ వారీగా మొత్తాలు వేస్తుంది. వచ్చిన పట్టికకు గీతలు, రంగులు పెట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఔట్‌లుక్ ద్వారా నలుగురికి పంపుతుంది.

ఇందులో డిమ్, ఫర్, ఇఫ్ వంటివి భాష పొర. వర్క్‌బుక్స్, వర్క్‌షీట్స్, రేంజ్, సెల్స్ వంటివి ఎక్సెల్ ఆబ్జెక్టుల పొర. ఇక ఫోల్డర్ వెతకడానికి వాడిన ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్, మొత్తాలు కూడడానికి వాడిన, కీ అనే పేరు కింద విలువను దాచే స్క్రిప్టింగ్ డిక్షనరీ, మెయిల్ కోసం పిలిచిన ఔట్‌లుక్ ఉన్నాయి. ఇవి ఎక్సెల్‌వి కావు, వీబీఏవీ కావు. విండోస్‌లోని కామ్ అనే ఏర్పాటు ద్వారా అరువు తెచ్చుకున్నవి. ఇది మూడో పొర.

రాసేవారికి ఈ సరిహద్దులు కనబడవు. ఎడిటర్లో చుక్క పెట్టగానే మూడు పొరల్లో దేనికైనా ఒకే రకమైన జాబితా వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా రాసినవారికి డిక్షనరీ వీబీఏలో భాగమే అనిపించడం సహజం. అది భాగం కాదన్న సంగతి మ్యాక్‌లో ‘ఆబ్జెక్ట్ తయారుచేయలేను’ అన్న ఎర్రర్ వచ్చినప్పుడు తెలుస్తుంది.

వేదిక మారినప్పుడు ఈ మూడింటి గతి ఒకేలా ఉండదు. భాష పొర మారినా కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. ఆబ్జెక్టుల పొరలో పేర్లు మారినా తర్కం చాలావరకు నిలుస్తుంది. ఎందుకంటే వర్క్‌బుక్‌లో షీట్లు, షీట్‌లో రేంజ్‌లు, రేంజ్‌కు విలువ, ఫార్ములా, ఫార్మాట్ అన్న అమరిక అన్ని స్ప్రెడ్‌షీట్లలోనూ ఉంది. మూడో పొర మాత్రం దాదాపు మొత్తంగా కొత్తగా కట్టుకోవాలి. మాక్రోను మార్చడానికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయాలంటే వరుసల సంఖ్య లెక్కపెట్టడం కన్నా, అందులో బయటి వాటిని పిలిచే క్రియేట్‌ఆబ్జెక్ట్, డిక్లేర్, షెల్ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో వెతకడం మేలు.

మ్యాక్: భాష అదే, పరిసరాలు వేరు

ఎక్సెల్ మొదట వచ్చింది మ్యాకింతాష్‌కే, 1985లో. విండోస్ వెర్షన్ 1987లో వచ్చింది. అయినా మాక్రోల విషయంలో మ్యాక్ చాలాకాలం వెనకబడే ఉంది. ఆపిల్ పవర్‌పీసీ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్‌కు మారినప్పుడు, పాత ప్రాసెసర్‌కు గట్టిగా ముడిపడిన వీబీఏ కోడ్‌ను కొత్తదానికి తేవడం చాలా పెద్ద పని అని మైక్రోసాఫ్ట్ భావించింది. ఫలితంగా మ్యాక్ ఆఫీస్ 2008లో వీబీఏ అసలే లేదు. వినియోగదారుల అసంతృప్తి తర్వాత ఆఫీస్ 2011లో తిరిగి వచ్చింది. ‘మ్యాక్‌లో మాక్రోలు పనిచేయవు’ అన్న మాట నేటికీ వినబడుతోందంటే ఆ విరామం ఒక కారణం. ఇప్పటి మ్యాక్ ఎక్సెల్‌కు ఆ మాట వర్తించదు.

షీట్ లోపలే తిరిగే మాక్రో, అంటే సెల్స్ చదివి లెక్క వేసి వేరే షీట్‌లో రాసేది, మ్యాక్‌లో సాధారణంగా ఒక్క అక్షరం మార్చకుండా నడుస్తుంది. ఫోల్డర్ జోలికి వెళ్లగానే కథ మారుతుంది.

విండోస్‌లో ఫోల్డర్ పేర్ల మధ్య \ ఉంటుంది, నేటి మ్యాక్ ఎక్సెల్‌లో / ఉంటుంది. ఆఫీస్ 2011 వరకు అక్కడ కోలన్ వాడేవారు. పాత్‌ను (ఫైలు చిరునామాను) చేత్తో అతికించకుండా అప్లికేషన్ ఆబ్జెక్ట్‌లోని పాత్‌సెపరేటర్‌ను అడిగితే ఈ సమస్య తీరిపోతుంది. దీనికన్నా చికాకు పెట్టేది ఫోల్డర్లోని ఫైళ్ల పేర్లు ఇచ్చే డిర్ ఫంక్షన్. విండోస్‌లో నక్షత్రం గుర్తు పెట్టి ఒక రకం ఫైళ్లన్నీ తీయవచ్చు. మ్యాక్‌లో ఆ నక్షత్రం ఫైలు పేరులో మామూలు అక్షరమే. కాబట్టి అది దేనితోనూ సరిపోదు, ఫైలేదీ దొరకదు. లూప్ ఒక్కసారి కూడా తిరగకుండా మాక్రో ప్రశాంతంగా ముగుస్తుంది. పరిష్కారం తేలికే: ఫోల్డర్లోని పేర్లన్నీ తీసి, పొడిగింపును కోడ్‌లోనే సరిచూడాలి.

2015లో వచ్చిన ఆఫీస్ 2016 నుంచి మ్యాక్‌లో ఎక్సెల్ శాండ్‌బాక్స్‌లో, అంటే మిగతా ఫైళ్లను అనుమతి లేకుండా తాకనివ్వని కంచె లోపల, నడుస్తుంది. వినియోగదారుడు తన చేత్తో తెరవని ఫైలును మాక్రో తాకబోతే సిస్టమ్ అనుమతి అడుగుతుంది. నలభై ఫైళ్లు తెరిచే లూప్‌కు నలభై సార్లు అనుమతి ఇవ్వడం ఎవరికైనా విసుగే. అందుకే ఫైళ్ల జాబితానంతా ఒకేసారి ఇచ్చి అనుమతి తీసుకునే గ్రాంట్‌యాక్సెస్‌టుమల్టిపుల్‌ఫైల్స్ అనే ఫంక్షన్‌ను మ్యాక్ వీబీఏలో చేర్చారు. మ్యాక్ సొంత స్క్రిప్టింగ్ భాష ఆపిల్‌స్క్రిప్ట్‌ను నేరుగా నడిపే పాత పద్ధతి స్థానంలో ఆపిల్‌స్క్రిప్ట్‌టాస్క్ వచ్చింది. అయితే ఆ స్క్రిప్ట్ వర్క్‌బుక్‌తో పాటు ప్రయాణించదు. ప్రతి వినియోగదారుడి లైబ్రరీ ఫోల్డర్లో నిర్ణీత చోట ముందే ఉండాలి. ఒక్కరి వాడకానికైతే ఇది ఇబ్బంది కాదు. పదిమందికి పంచే మాక్రోకు ఇది ప్రతి కంప్యూటర్లో చేయాల్సిన ఇన్‌స్టలేషన్.

యాక్టివ్‌ఎక్స్ బటన్లు మ్యాక్‌లో పనిచేయవు, వాటికి బదులు ఫామ్ కంట్రోల్స్ వాడాలి. యూజర్‌ఫామ్‌లు (సొంతంగా తయారుచేసుకున్న డైలాగ్‌లు) నడుస్తాయి గానీ, వాటిని గీసే డిజైనర్ ఆఫీస్ 2016 నుంచి మ్యాక్ ఎడిటర్లో లేకపోవడంతో విండోస్‌లో తయారుచేసి తెచ్చుకోవడం అలవాటుగా మారింది. విండోస్ ఏపీఐని (విండోస్ సొంత ఫంక్షన్లను) నేరుగా పిలిచే డిక్లేర్ వరుసలకు మ్యాక్‌లో అర్థం లేదు. వాటిని #ఇఫ్ మ్యాక్ అనే షరతు లోపల వేరుచేసి, ఒకే ఫైల్లో రెండు దారులు ఉంచవచ్చు.

డిక్షనరీ సంగతి కొంచెం ఆగి చూడదగ్గది. మ్యాక్‌లో అది లేదు కాబట్టి చాలామంది వీబీఏలోనే ఉన్న కలెక్షన్‌కు మారతారు. రెండూ కీతో విలువను దాచుకుంటాయి, పైకి ఒకేలా ఉంటాయి. కానీ డిక్షనరీ మామూలుగా క్యాపిటల్, స్మాల్ అక్షరాలను వేరుగా చూస్తుంది, కలెక్షన్ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. సరుకు కోడ్‌లు కొన్ని క్యాపిటల్స్‌లో, కొన్ని స్మాల్‌లో టైప్ అయి ఉంటే నివేదికలో వరుసల సంఖ్య మారిపోతుంది. అంతేకాదు, కలెక్షన్‌లో దాచిన కీల జాబితాను తిరిగి అడగడానికి వీలులేదు. ఒక చిన్న క్లాస్ మాడ్యూల్ రాసి, అందులో పోలిక ఎలా జరగాలో స్పష్టంగా చెప్పుకుని, రెండు వేదికల్లోనూ దాన్నే వాడటం ఈ చిక్కుకు నమ్మదగిన దారి.

బ్రౌజర్: కోడ్ నడిచే చోటే మారుతుంది

మ్యాక్‌కు మారడంలో భాష అదే, నడిచే చోటూ వినియోగదారుడి ముందున్న కంప్యూటరే. గూగుల్ షీట్స్‌లో ఈ రెండూ మారతాయి. 2009లో మొదలైన గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో భాష జావాస్క్రిప్ట్. 2020లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజిన్ వచ్చాక ఆధునిక జావాస్క్రిప్ట్ సౌకర్యాలు కూడా అందాయి. కోడ్ మాత్రం బ్రౌజర్లో కాదు, గూగుల్ సర్వర్‌లో నడుస్తుంది. దీని ఫలితాలు చాలా దూరం పోతాయి.

వీబీఏ అలవాటుతో వచ్చినవారికి మొదట ఎదురయ్యేది వేగం. ఎక్సెల్‌లో మాక్రో, షీట్ ఒకే ప్రోగ్రాం లోపల ఉంటాయి కాబట్టి ఒక్కో సెల్‌ను తాకుతూ పదివేల సెల్స్ తిరిగినా పెద్ద ఆలస్యం తెలియదు. యాప్స్ స్క్రిప్ట్‌లో స్క్రిప్ట్ ఒకచోట, షీట్ సేవ మరోచోట ఉంటాయి. ప్రతి చదవడానికీ రాయడానికీ మధ్యలో ఒక ప్రయాణం ఉంటుంది. 100 వరుసలు, 100 కాలమ్‌లకు రంగులు వేసే ఉదాహరణ ఒకటి గూగుల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. తరచుగా షీట్‌కు వెళ్లొచ్చే పద్ధతిలో దానికి సుమారు 70 సెకన్లు పడితే, రంగులన్నీ అర్రేలో (మెమరీలో ఉంచే విలువల పట్టికలో) సిద్ధం చేసుకుని ఒకేసారి పంపితే ఒక సెకను సరిపోతుందని అక్కడ చెప్పారు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. రేంజ్ విలువలన్నిటినీ ఒక వేరియంట్ అర్రేలోకి లాగి, అక్కడే లెక్క పూర్తిచేసి, ఒక్కసారిగా తిరిగి రాయడం అనుభవం ఉన్న వీబీఏ రచయితలకు ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతే. ఎక్సెల్‌లో అది వేగం కోసం చేసే అదనపు శ్రమ. యాప్స్ స్క్రిప్ట్‌లో గెట్‌వేల్యూస్, సెట్‌వేల్యూస్ రూపంలో అదే మామూలు పద్ధతి. ఒక స్క్రిప్ట్ ఒక్కసారికి 6 నిమిషాలకు మించి నడవకూడదన్న పరిమితి కూడా ఉంది కాబట్టి తప్పనిసరి కూడా. అరగంట నడిచే మాక్రో ఉన్నవారు పనిని ముక్కలు చేసి, ఎక్కడ ఆగిందో రాసుకుని, టైమ్ ట్రిగ్గర్‌తో (నిర్ణీత వేళకు స్క్రిప్ట్‌ను నడిపే ఏర్పాటుతో) మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు చేసుకోవాలి. వీబీఏలో దీనికి సమానమైన అలవాటు లేదు. కొత్తగా నేర్వాల్సిన వాటిలో ఇది ముఖ్యమైనది.

సర్వర్‌లో నడవడం వల్ల లాభాలూ ఉన్నాయి. కంప్యూటర్ ఆపేసి ఉన్నా తెల్లవారుజామున స్క్రిప్ట్ నడుస్తుంది. మెయిల్, క్యాలెండర్, డ్రైవ్ అన్నీ ఒకే ఖాతాలో ఉండటంతో మూడో పొరలోని చాలా పనులు విండోస్ కన్నా సులువుగా జరుగుతాయి. నష్టం కూడా ఆ ఏర్పాటులోంచే వస్తుంది: వినియోగదారుడి డిస్క్‌లోని ఫోల్డర్‌ను ఆ స్క్రిప్ట్ చూడలేదు. పక్కనే ఉన్న ప్రింటర్‌కు, బార్‌కోడ్ యంత్రానికి అది నేరుగా చేరదు.

ఆన్‌ఎడిట్, ఆన్‌ఓపెన్ వంటి ట్రిగ్గర్లు వర్క్‌షీట్ ఈవెంట్లను గుర్తుచేస్తాయి. కానీ వాటిని పూర్తి బదులుగా అనుకోకూడదు. సాదా ట్రిగ్గర్‌కు 30 సెకన్ల గడువు ఉంది. మెయిల్ పంపడం వంటి అనుమతి కావాల్సిన పనులు అది చేయలేదు. వాటికి విడిగా ఇన్‌స్టాల్ చేసే ట్రిగ్గర్ కావాలి. పైగా స్క్రిప్ట్ రాసిన మార్పుకు ఆన్‌ఎడిట్ స్పందించదు. మనిషి చేసిన మార్పుకే స్పందిస్తుంది. ఎక్సెల్‌లో ఒక మాక్రో సెల్ మార్చితే ఛేంజ్ ఈవెంట్ మళ్లీ మోగుతుంది. అందుకే అక్కడ ఈవెంట్లను ఆపి, పని అయ్యాక తిరిగి తెరుస్తారు. యాప్స్ స్క్రిప్ట్‌లో ఆ జాగ్రత్త అక్కర్లేదు. అయితే మార్పులు గొలుసుగా సాగాలని రాసుకున్న మాక్రోలు ఇక్కడ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

ఆఫీస్ స్క్రిప్ట్స్: ఎక్సెల్‌లోనే ఉంటూ మారడం

ఫైలు ఎక్సెల్‌లోనే ఉండాలి, బ్రౌజర్లో కూడా నడవాలి అనుకునేవారికి మైక్రోసాఫ్ట్ చూపే దారి ఆఫీస్ స్క్రిప్ట్స్. భాష జావాస్క్రిప్ట్‌కు పొడిగింపైన టైప్‌స్క్రిప్ట్. ప్రతి స్క్రిప్ట్ మెయిన్ అనే ఫంక్షన్‌తో మొదలవుతుంది, వర్క్‌బుక్ దానికి పారామీటర్‌గా అందుతుంది. చేసిన పనులను కోడ్‌గా రాసిపెట్టే రికార్డర్ కూడా ఉంది.

దీన్ని వీబీఏకు కొత్త వెర్షన్ అనుకుంటే నిరాశే మిగులుతుంది. ఇది ఎక్సెల్ ఈవెంట్లకు స్పందించదు. ఎవరైనా నొక్కాలి లేదా మైక్రోసాఫ్ట్ ఆటోమేషన్ సేవ పవర్ ఆటోమేట్ పిలవాలి. ఒక స్క్రిప్ట్ ఒక వర్క్‌బుక్‌తోనే మాట్లాడుతుంది, మరో వర్క్‌బుక్‌ను తెరవలేదు. పైన చెప్పుకున్న నెలాఖరు నివేదికను ఇందులో చేయాలంటే ఫైళ్లమీద తిరిగే లూప్ స్క్రిప్ట్ నుంచి బయటికి వచ్చి పవర్ ఆటోమేట్‌లోకి వెళుతుంది. ఫైలు నుంచి పట్టిక తెచ్చే స్క్రిప్ట్ ఒకటి, అన్నిటినీ కలిపే స్క్రిప్ట్ మరొకటి, మెయిల్ పంపడం ఫ్లోలోని (పవర్ ఆటోమేట్‌లో రాసుకున్న పనుల వరసలోని) ఒక అడుగు. ఒకే సబ్ ప్రొసీజర్‌గా ఉన్నది మూడు నాలుగు చోట్ల విడిపోతుంది. ఫ్లో నుంచి పిలిచిన స్క్రిప్ట్ 120 సెకన్లలో ముగియాలి.

వీబీఏలోని మెసేజ్ బాక్స్‌లు, ఇన్‌పుట్ బాక్స్‌లు ఇక్కడ ఉండవు. మెయిన్ ఫంక్షన్‌కు అదనపు పారామీటర్లు రాస్తే, స్క్రిప్ట్ మొదలయ్యే ముందు వాటి విలువలను ఎక్సెల్ అడుగుతుంది. మధ్యలో ఆగి ‘ఈ వరుస తీసేయమంటారా’ అని అడిగే పద్ధతికి తావులేదు. పని మొదలయ్యే ముందే కావాల్సినవన్నీ తెలిసి ఉండాలి. ఇది లోటులా కనిపించినా మాక్రో నిర్మాణానికి మేలే చేస్తుంది. మధ్యలో ప్రశ్నలు అడిగే కోడ్‌ను రాత్రిపూట మనిషి లేకుండా నడపడం ఏ వేదికలోనూ సాధ్యం కాదు.

లిబ్రెఆఫీస్, పైథాన్

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయిన లిబ్రెఆఫీస్‌లో భాష కూడా బేసిక్కే. ఎక్సెల్ మాక్రో ఫైలును తెరిస్తే మాడ్యూళ్ల పైన ఆప్షన్ వీబీఏసపోర్ట్ 1 అన్న వరుస చేరుతుంది, రేంజ్, సెల్స్ వంటి సాధారణ మాటలు కొంతవరకు అర్థమవుతాయి. సాదా మాక్రోలకు ఇది చాలు. పివట్ టేబుళ్లు, చార్టుల్లోకి వెళ్లే కోడ్ మాత్రం తరచుగా ఆగిపోతుంది. అక్కడి నుంచి యూఎన్‌ఓ అనే లిబ్రెఆఫీస్ సొంత ఆబ్జెక్టులు నేర్చుకోక తప్పదు. దాని పేర్లు పొడవు, డాక్యుమెంటేషన్ మొదట్లో అయోమయంగా ఉంటుంది. బేసిక్ కన్నా పైథాన్ బాగా వచ్చినవారు అక్కడ పైథాన్‌లోనే మాక్రోలు రాసుకోవచ్చు.

పైథాన్ అనగానే మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి. ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీ ఎక్సెల్ లేకుండానే ఫైలును చదివి రాస్తుంది గానీ ఫార్ములాలను లెక్కించదు. ఎక్స్‌ఎల్‌వింగ్స్ తెరిచి ఉన్న ఎక్సెల్‌ను బయటి నుంచి నడుపుతుంది, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ. 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ‘ఎక్సెల్‌లో పైథాన్’ సెల్‌లో ఫార్ములాలా రాసేది. అది మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడుస్తుంది, వినియోగదారుడి ఫైళ్లను తాకలేదు, షీట్లు చేర్చడం, సేవ్ చేయడం వంటివి చేయలేదు. మాక్రోకు అది బదులు కాదు, విశ్లేషణకు పనికొస్తుంది.

ఎర్రర్ చూపించని తప్పులు

కోడ్ ఆగిపోతే మంచిదే, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వేదిక మారాక నిజంగా భయపడాల్సింది చివరిదాకా నడిచి, తప్పు అంకె ఇచ్చే కోడ్‌కు.

మొదటిది లెక్కింపు ఎక్కడ మొదలవుతుందన్నది. సీ కాలమ్, 5వ వరుసలోని సెల్‌ను చూద్దాం. వీబీఏలో సెల్స్(5, 3). యాప్స్ స్క్రిప్ట్‌లో గెట్‌రేంజ్(5, 3), కానీ అదే విలువను ఏ1 నుంచి తెచ్చిన అర్రేలో వెతికితే [4][2]. ఆఫీస్ స్క్రిప్ట్స్‌లో గెట్‌సెల్(4, 2). లిబ్రెఆఫీస్ యూఎన్‌ఓలో గెట్‌సెల్‌బైపొజిషన్(2, 4): సున్నా నుంచి లెక్క, పైగా ముందు కాలమ్, తర్వాత వరుస. ఈ నాలుగింటిలో ఏది పొరబడినా ఎక్కడో ఒక సెల్ దొరుకుతుంది, అందులో ఏదో ఒక విలువ ఉంటుంది. అంకెలను కోడ్ నిండా చల్లకుండా, హెడ్డింగ్ పేరుతో కాలమ్‌ను వెతికే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుంటే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

రెండోది తేదీలు. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 ఆ లెక్కలో 1. అప్పటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3తో పొత్తు కుదరాలని, నిజంగా లేని 1900 ఫిబ్రవరి 29ని ఎక్సెల్ లెక్కలో ఉంచేశారు. వీబీఏ లెక్కలో మాత్రం 1899 డిసెంబరు 30 సున్నా. 1900 మార్చి 1 నుంచి రెండూ కలుస్తాయి కాబట్టి రోజువారీ పనిలో తేడా తెలియదు. పాత మ్యాక్ ఫైళ్లలో 1904 నుంచి మొదలయ్యే పద్ధతి ఉండేది. అటువంటి ఫైలు నుంచి విలువలను మామూలు ఫైల్లోకి తెస్తే తేదీలు 1462 రోజులు తేడా వస్తాయి. ఆఫీస్ స్క్రిప్ట్స్‌లో తేదీ సెల్‌ను చదివితే అంకే చేతికొస్తుంది. యాప్స్ స్క్రిప్ట్‌లో జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్ వస్తుంది, అందులో జనవరి నెల సంఖ్య సున్నా. స్క్రిప్ట్‌కు ఒక టైమ్‌జోన్, స్ప్రెడ్‌షీట్‌కు మరొకటి ఉంటే అర్ధరాత్రి విలువలున్న తేదీలు ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతాయి.

మూడోది రౌండింగ్. వీబీఏ రౌండ్ ఫంక్షన్ 2.5ను 2 చేస్తుంది, సగాలను దగ్గరి సరి సంఖ్యకు మార్చడం దాని పద్ధతి. షీట్‌లోని రౌండ్ ఫార్ములా 3 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్ 2.5కు 3 ఇచ్చి, మైనస్ 2.5కు మైనస్ 2 ఇస్తుంది, అక్కడ షీట్ ఫార్ములా మైనస్ 3 అంటుంది. పైథాన్ రౌండ్ వీబీఏలా 2 అంటుంది. మాక్రోలో రౌండింగ్ ఉందంటే, అది ఏ పద్ధతో రాసినవారు ఎంచుకున్నదా, యాదృచ్ఛికంగా వచ్చిందా అన్నది మార్చడానికి ముందే తేల్చుకోవాలి.

ఖాళీ సెల్ మరో ఉచ్చు. వీబీఏలో ఖాళీ సెల్ సున్నాతోనూ సమానమే, ఖాళీ స్ట్రింగ్‌తోనూ (అక్షరాలేవీ లేని పాఠంతోనూ) సమానమే. యాప్స్ స్క్రిప్ట్‌లో అది ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. దానికి ప్లస్ గుర్తుతో 10 కలిపితే కూడిక జరగదు, అక్షరాలు అతుకుతాయి. ఆ తర్వాత అదే వేరియబుల్‌కు 5 కలిపితే 15 కాదు, 105 వస్తుంది.

దీనికి భిన్నంగా, అక్షరాల విషయంలో మార్పు ఊరటనిస్తుంది. వీబీఏ ఎడిటర్‌కు యూనికోడ్ రాదు, తెలుగు వంటి లిపుల్లో కోడ్‌లో రాసిన మాటలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. అందుకే వాటిని సెల్‌లో దాచి చదువుకోవడమో, అక్షర సంఖ్యలతో కట్టుకోవడమో చేస్తారు. యాప్స్ స్క్రిప్ట్, ఆఫీస్ స్క్రిప్ట్స్, లిబ్రెఆఫీస్ మూడింటిలోనూ నేరుగా తెలుగులో రాయవచ్చు.

కోడ్ మార్చే పరికరాలు ఎంతవరకు

వీబీఏను యాప్స్ స్క్రిప్ట్‌లోకి మార్చే యాడ్‌ఆన్‌ను గూగుల్ తన వర్క్‌స్పేస్ సంస్థలకు అందించింది. ఏఐ సహాయకులు కూడా ఆ పని చేస్తాయి. భాష పొరకు ఇవి బాగా పనికొస్తాయి. కానీ వరుసకు వరుస మార్చినప్పుడు పాత కోడ్ ఆకారం అలాగే వస్తుంది. సెల్ సెల్‌కూ తిరిగే లూప్, సర్వర్‌లోనూ సెల్ సెల్‌కూ తిరుగుతుంది. రికార్డర్ నుంచి పుట్టిన సెలెక్ట్, సెలెక్షన్ వరుసలు అవసరం లేకపోయినా వెంట వస్తాయి. తప్పు వచ్చినా ముందుకు సాగమని చెప్పే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ కింద దాక్కున్న తప్పులు కొత్త చోట వేరే తప్పులుగా బయటపడతాయి. మార్చడానికి ముందే పాత చోట కోడ్‌ను శుభ్రం చేయడం ఈ కారణంగానే లాభం: సెలెక్ట్‌లు తీసేయడం, లూప్‌లను అర్రేల్లోకి తేవడం, ఫైళ్లు, మెయిల్, డైలాగ్‌లు తాకే వరుసలన్నిటినీ విడి ప్రొసీజర్లలోకి నెట్టడం. అప్పుడు మధ్యలో మిగిలే లెక్క భాగం ఒక అర్రేను తీసుకుని మరో అర్రేను ఇచ్చే ఫంక్షన్ అవుతుంది. ఆ ఫంక్షన్‌ను ఏ భాషలోకైనా, చేత్తోనో పరికరంతోనో, తేలికగా మార్చవచ్చు.

అన్ని మాక్రోలనూ మార్చాల్సిన పనీ లేదు. విండోస్‌లోని యంత్రాలతో, పాత డేటాబేస్‌లతో ముడిపడి, ఒకరిద్దరే వాడే మాక్రో అక్కడే ఉండటం సబబు. ఫైళ్లు కలపడం, కాలమ్‌లు శుభ్రం చేయడం మాత్రమే చేసే మాక్రోల్లో కొన్నిటికి ఎక్సెల్‌లోనే ఉన్న డేటా పరికరం పవర్ క్వెరీ చాలు, కోడ్ అవసరమే ఉండదు. ఎక్కువమంది, ఎక్కడి నుంచైనా నడపాల్సినవి బ్రౌజర్ వైపు వెళ్లాలి. విండోస్, మ్యాక్ రెండింటిలో వాడేవి, యూజర్‌ఫామ్‌లు ఎక్కువున్నవి వీబీఏలోనే ఉండి, రెండు దారులతో రాయబడితే ఖర్చు తక్కువ.

సరిచూసే పద్ధతి

మార్చిన మాక్రోను పాతదానితో పాటు కొన్నాళ్లు నడిపి, ఒకే డేటా మీద రెండింటి ఫలితాలను సెల్ సెల్‌కూ పోల్చాలి. మొత్తం ఒక్కటే చూస్తే సరిపోదు, ఒకచోటి ఎక్కువ మరోచోటి తక్కువతో కొట్టుకుపోవచ్చు. పరీక్ష డేటాలో ఖాళీ సెల్స్, మైనస్ అంకెలు, సరిగ్గా సగంలో ఉన్న దశాంశాలు, నెల చివరి తేదీలు, క్యాపిటల్, స్మాల్ అక్షరాలు కలిసిన కోడ్‌లు కావాలనే పెట్టాలి. అక్కడక్కడ 0.01 తేడా వస్తే రౌండింగ్‌ను ముందు అనుమానించాలి. తేదీ కాలమ్ అంతా ఒక రోజు జరిగితే టైమ్‌జోన్‌ను, 1462 రోజులు జరిగితే 1904 పద్ధతిని చూడాలి. మొత్తాలు కలిసి వరుసల సంఖ్య మాత్రం మారితే కీల పోలికను, ఒక మొత్తం అకస్మాత్తుగా పది రెట్లయితే ఖాళీ సెల్‌తో జరిగిన అతుకును వెతకాలి.